నాణెం మీద సూర్యుడు

పిల్లలూ! ప్రాచీన రోము నాణేలమీద కొందరు చక్రవర్తుల తలకు సూర్యకిరణాల కిరీటం కనిపిస్తుంది. అది వట్టి అలంకారమే అనుకుంటున్నారా? కాదు, నాణెం విలువను తెలిపే గుర్తు కూడాను!

రోములో వాడుకలో ఉన్న వెండి నాణెం పేరు దెనారియస్. దానిమీద చక్రవర్తి తలకు ఆకుల దండ ఉండేది. క్రీ.శ. 215లో కరకల్లా చక్రవర్తి కిరణాల కిరీటంతో ఒక కొత్త నాణెం వేయించాడు. అది రెండు దెనారియస్‌లకు సమానమని చరిత్రకారులు అంటారు. కాని అందులోని వెండి ఒకటిన్నర దెనారియస్‌లకే సరిపోతుంది. మిగిలిన అర ఏమైంది? ఖజానాకే మిగిలింది!

తరువాతి చక్రవర్తులు యుద్ధాల ఖర్చుకోసం వెండి తగ్గించి రాగి కలుపుతూ పోయారు. 270లో ఆరేలియన్ రాజ్యానికి వచ్చేనాటికి ఆ కిరీటం నాణెంలో వెండి నూటికి అయిదు పాళ్లయినా లేదు. పైపూత మాత్రం వెండిది! ఆరేలియన్ నాణేలను కొంత చక్కదిద్దాడు. 274లో రోము నగరంలో సూర్యుడికి ఆలయం కట్టించాడు. ఆయన నాణేలు అనేకం వెనక్కు తిప్పి చూస్తే సాక్షాత్తూ సూర్యదేవుడే ఉంటాడు. కుడిచెయ్యి పైకెత్తి, ఎడమచేత గోళం పట్టుకుని నిలబడతాడు. కాళ్లవద్ద బందీలు కూర్చుని ఉంటారు. ఇంత వైభవం చూపినా, ఆ నాణెంలో వెండి నూటికి సుమారు అయిదు పాళ్లే. ఆ రోజులలో ఈజిప్టులో వస్తువుల ధరలు ఎన్నో రెట్లు పెరిగిపోయాయి.

కనుక పిల్లలూ, పాత నాణెం చూసినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి: బొమ్మ ఏమని చెబుతున్నది? లోహం ఏమని చెబుతున్నది? రెండు జవాబులూ కలిపి చదివితేనే చరిత్ర తెలుస్తుంది.