ఏడు సీట్ల పాఠం

ఎన్నికలు అయిన ప్రతిసారీ మన మీటింగుల్లో ఒకటే లెక్క: "జనాభాలో మనమే ఎక్కువ, రాజ్యం ఎందుకు రాలేదు?" అన్నలారా, అక్కలారా! జనాభా అంతా ఓట్లు కాదు. పడ్డ ఓట్లన్నీ సీట్లు కావు.

1993లో ఉత్తరప్రదేశ్‌లో ఎస్పీ, బీఎస్పీ కలిసి ప్రభుత్వంలోకి వచ్చినయి. ఆ ఊపుతో 1994లో ఆంధ్రప్రదేశ్‌లో ఏనుగు గుర్తు మీద పోటీ చేస్తే ఒక్క సీటు రాలేదు. 2018లో తెలంగాణలో బహుజన లెఫ్ట్ ఫ్రంట్‌కు సున్నా. 2023లో బీఎస్పీకి మళ్లీ సున్నా. మనువాదుల కుట్ర అని సరిపెట్టుకుందామా? కుట్ర ఉంది, డబ్బుంది, సారా ఉంది. మరి అదే డబ్బు, అదే సారా నడుమ మా పాతబస్తీలో మజ్లిస్ పార్టీ 2009, 2014, 2018, 2023లో వరసగా 7 సీట్లు ఎట్లా గెలిచింది?

ఆ పార్టీని పొగడటానికి ఈ మాట చెప్పడం లేదు. బస్తీల్లో మోరీలు ఊడ్చే మనవాళ్లకు అదేం చేసిందో నిలదీయాల్సిందే. కానీ అది ఎక్కిన మెట్లు చూడండి. 1960లో మున్సిపాలిటీ, 1962లో అసెంబ్లీ, 1984లో పార్లమెంటు. ఆపద వస్తే దారుస్సలాం ఆఫీసులో వినేవాడుంటడని జనం నమ్మకం. మన ఆఫీసుకేమో ఎలక్షన్ అయిన తెల్లారే తాళం!

ఆ ఏడులోనే రెండో పాఠముంది. చార్మినార్‌లో, యాకుత్‌పురాలో నడిచే మాట నల్లగొండలో నడవదు. అందుకే 119లో ఆ ఏడు దగ్గరే ఆగిపోయింది. వేరు లేకుండా అంతటా నిలబడితే సున్నా. ఒక్క నేలలోనే వేరు పాతితే ఏడు.

"ఎన్టీఆర్ 1982లో పార్టీ పెట్టి తొమ్మిది నెలల్లో గెలవలేదా?" అంటరు. ఆయనకు సినిమా మొహముంది, పత్రిక అండ ఉంది, భూములున్న కులముంది. అయినా కిలో బియ్యం 2 రూపాయలన్న మాట శ్రీకాకుళంలో, అనంతపురంలో, పాలమూరులో ఒకే ఆకలికి తగిలింది. అన్ని ప్రాంతాలకూ తగిలే అసుంటి మాట మనకేది?

2023లో కాంగ్రెస్ హైదరాబాద్ జిల్లా 15 స్థానాల్లో ఒక్కటీ గెలవకున్నా రాష్ట్రంలో 64 తెచ్చుకున్నది. వరంగల్‌లో రైతులకొక డిక్లరేషన్, చేవెళ్లలో ఎస్సీ ఎస్టీలకొకటి, కామారెడ్డిలో బీసీలకొకటి చదివింది. ఎక్కడ ఏ మాట అనాలో వాళ్లకు తెలుసు. ఆ కాగితం వాళ్లు రాసింది. మనం చప్పట్లు కొట్టినం.

మన కాగితం మనమే రాసుకోవాలె. పాలమూరులో వలస, ఆదిలాబాద్‌లో పోడు, సింగరేణిలో కాంట్రాక్టు కూలి, పాతబస్తీలో సఫాయి కార్మికుని పర్మినెంటు. ఏ ప్రాంతం గోస ఆ ప్రాంతం నోటితోనే రావాలె. వాటన్నిటినీ కట్టే తాడు ఒక్కటే: భూమి, కూలి, గౌరవం.

ఇంకో ముడి ఉంది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. దాని మీద నోరు మెదపని పార్టీ మాదిగ వాడలో అడుగు పెట్టలేదు. మాలలను శత్రువులను చేసే పార్టీ రాష్ట్రం ఏలలేదు. వాటా తేల్చుకుందాం, కలిసి నడుద్దాం. రిజర్వుడు స్థానాలు 19 ఉన్నయి కదా అని మురిసిపోకండి. అక్కడ కూడా గెలుపు తేల్చేది ఇతరుల ఓట్లే. బీసీలు, ముస్లింలు, ఆదివాసీలు రాకుండా 60 దాటేదెట్లా?

119 చోట్ల నామినేషన్ వేసి ఫొటోలు దిగుడు ఇక చాలు. ప్రతి ప్రాంతంలో రెండు మూడు చోట్ల పట్టు పట్టండి. వార్డు గెలవండి, సర్పంచి గెలవండి, అయిదేండ్లూ ఆఫీసు తెరిచి ఉంచండి. ఆ తాళం తీయలేనోళ్లకు అసెంబ్లీ తలుపు ఎవడు తీస్తడు?

జై భీమ్!