మన జబ్బుల లెక్క మన చేతుల్లోకి రావాలి

ఇంటర్ బైపీసీ పాసైన మన గూడెం పిల్లల్ని "తర్వాత ఏం చదువుతావ్?" అని అడగండి. నీట్ అంటారు. సీటు రాకపోతే నర్సింగ్. అదీ కుదరకపోతే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు, లేదంటే దగ్గర్లో ఉన్న డిగ్రీ కాలేజీలో ఏదో ఒక గ్రూపు. ఈ వరసలో ఒక చదువు పేరు మాత్రం ఎప్పుడూ వినపడదు. అదే గ్లోబల్ హెల్త్, ప్రపంచ ఆరోగ్యం. మన దేశంలో దానికి దగ్గరగా ఉన్నది పబ్లిక్ హెల్త్, అంటే ప్రజారోగ్యం.

డాక్టర్ మనిషికి వచ్చిన జ్వరం చూస్తాడు. ఈ చదువు ఊరికి వచ్చిన జ్వరం చూస్తుంది. పక్కూరికి రానిది ఈ గూడేనికే ఎందుకొచ్చింది? మందు ఉండి కూడా మనిషి ఎందుకు చచ్చిపోయాడు? ఆసుపత్రి ఎంత దూరం, రోడ్డు ఎందుకు పడలేదు, డబ్బు ఎక్కడ ఆగింది? ఇవన్నీ అందులో పాఠాలే. లెక్కలు, చరిత్ర, మానవశాస్త్రం, రాజకీయం కలిపి చదవాలి. అమెరికా, బ్రిటన్ యూనివర్సిటీల్లో 18 ఏళ్ల పిల్లలు డిగ్రీలోనే దీన్ని చదువుతున్నారు. వాళ్ల పాఠాల్లో మలేరియా ఉంటుంది, టీబీ ఉంటుంది, పోషకాహార లోపం ఉంటుంది, "ఆదిమ జాతుల ఆరోగ్యం" అని ఒక అధ్యాయం కూడా ఉంటుంది. అంటే మనం ఉంటాం, పుస్తకంలో. తరగతి గదిలో ఉండం.

నేను చెప్పేది ఇంతే. ఆ గదిలోకి మనం వెళ్లాలి, అదీ డిగ్రీ నుంచే.

ఈ శాస్త్రానికి మనకూ సంబంధం కొత్తది కాదు. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ మిలిటరీ డాక్టర్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. దోమలతో కుట్టించుకోవడానికి ఒప్పుకున్న రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకు అతనికి దక్కింది ఒక అణా. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. ఆ కాలంలోనే, 1898లో లివర్‌పూల్‌లో, 1899లో లండన్‌లో ఉష్ణమండల వైద్య పాఠశాలలు పెట్టారు. వలస దేశాల్లోని తమ సైనికులు, అధికారులు, వ్యాపారులు జ్వరాలతో చనిపోకుండా చూసుకోవడం వాటి మొదటి అవసరం. నేటి గ్లోబల్ హెల్త్ మూలాల్లో ఒకటి అక్కడుంది. రక్తం ఇచ్చేది ఒకరు, పేరు వచ్చేది ఇంకొకరికి అన్న పద్ధతి కూడా అప్పటినుంచే ఉంది.

ఆ పద్ధతి పోయిందా? భద్రాచలం వైపు వాళ్లను అడగండి.

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాను 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు అది. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. దాదాపు 14 వేల మంది పిల్లలు. అందులో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉన్న మన ఆదివాసీ పిల్లలు ఎంతోమంది. టీకా వేయాలంటే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి కదా? రెండు వేలకు పైగా ఒప్పంద పత్రాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. ఎన్నో పత్రాల మీద వేలిముద్రలే. అందులో ఏం రాసుందో చదివి చెప్పిందెవరు? కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో గొడవ మొదలై, 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమన్న ఆధారం లేదని విచారణ కమిటీ చెప్పింది. కానీ అనుమతి తీసుకున్న తీరును, టీకా తర్వాత పిల్లల బాగోగులు చూసే ఏర్పాటు లేకపోవడాన్ని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. హెచ్‌పీవీ టీకా చెడ్డదని నేను అనడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫార్సు చేస్తోంది, ఎన్నో దేశాల్లో వేస్తున్నారు, అది క్యాన్సర్‌ను ఆపుతోంది. మన ఆడవాళ్లకూ అది కావాలి. మంచి మందును కూడా అమ్మానాన్నలను అడక్కుండా ఇస్తే ఏమవుతుంది? తర్వాత వచ్చే ప్రతి సూదినీ జనం అనుమానంగా చూస్తారు. ఆ నష్టం మళ్లీ మన పిల్లలకే. ఆ రోజు ఆ ఫారాన్ని చదివి, కోయ భాషలో చెప్పి, "ఇది ప్రయోగమా, కార్యక్రమమా? పిల్లకు ఏమైనా అయితే ఎవరు చూస్తారు?" అని అడిగే ఒక కోయ ఆడపిల్ల ఆ ప్రాజెక్టు ఆఫీసులో ఉద్యోగిగా ఉండి ఉంటే కథ వేరేగా ఉండేది. ఈ చదువు మనకెందుకు అనే వాళ్లకు నా మొదటి జవాబు ఇదే.

మనకే జరిగిందా ఇది? కాదు. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయలో హవాసుపాయ్ అనే చిన్న తెగ ఉంది. వాళ్లలో షుగర్ వ్యాధి ఎక్కువ. దాని మీద పరిశోధన అని 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు రక్తం తీసుకున్నారు. అదే రక్తంతో మానసిక వ్యాధుల మీద, ఆ తెగ ఎక్కడినుంచి వలస వచ్చింది అన్నదాని మీద కూడా పరిశోధనలు చేశారు. తెగ కోర్టుకెక్కింది. 2010లో యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు కట్టి, మిగిలిన రక్తం నమూనాలు తిరిగిచ్చింది. కెనడాలో ఆదిమ జాతులు 1998లోనే తమ సమాచారానికి నాలుగు సూత్రాలు పెట్టుకున్నాయి: యాజమాన్యం మాది, అదుపు మాది, చూసే హక్కు మాది, దగ్గర ఉంచుకునే హక్కు మాది. దక్షిణాఫ్రికాలో శాన్ ప్రజలు 2017లో తమ మీద పరిశోధన చేయడానికి వచ్చేవాళ్లకు సొంతంగా నియమావళి రాసిచ్చారు.

మనం భూమి దగ్గర గ్రామసభ తీర్మానం ఏది అని అడుగుతున్నాం. పీసా చట్టం చూపిస్తున్నాం. మంచిది. మరి రక్తం తీసుకునేటప్పుడు గ్రామసభ ఏది అని ఎప్పుడైనా అడిగామా?

ఇక లెక్కల సంగతి. ఆదివాసీల ఆరోగ్యం మీద డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన కేంద్రం వేసిన నిపుణుల కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. దేశ జనాభాలో మనం 8.6 శాతం. మలేరియా మరణాల్లో మన వాటా దాదాపు సగం. టీబీ మిగతావాళ్లలో లక్షకు 256 మందికి ఉంటే మనలో 703 మందికి. ఐదేళ్ల లోపు పిల్లల మరణాలు వెయ్యికి మనలో 57, మిగతావాళ్లలో 38. స్వాతంత్ర్యం వచ్చి 70 ఏళ్లు దాటాక వచ్చిన ఈ నివేదిక కూడా, ఆదివాసీల ఆరోగ్యం మీద విడిగా సమాచారం సరిగా లేదనే బాధపడింది. లెక్కలో లేనివాళ్లకు బడ్జెట్‌లో చోటుండదు.

పీహెచ్‌సీ లెక్కే చూడండి. మైదానంలో 30 వేల జనాభాకు ఒకటి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20 వేలకు ఒకటి. వినడానికి మనకు మేలు చేసినట్టే ఉంది. కానీ ఆ లెక్క తలలను లెక్కపెడుతుంది, నడకను లెక్కపెట్టదు. నలభై ఇళ్ల గూడేలు కొండకొకటి ఉన్నచోట 20 వేల మంది ఎంత అడవిలో పరుచుకుని ఉంటారు? డోలీలో గర్భిణిని మోసుకొచ్చిన వార్త వచ్చిన ప్రతిసారీ మనం ఫోటో షేర్ చేసి బాధపడుతున్నాం. ఏ గూడెం నుంచి ఎన్ని గంటలు, వానాకాలంలో ఎంత, ఏడాదిలో ఎన్ని డోలీలు, ఎన్ని ప్రాణాలు అని పదేళ్ల లెక్క ఒక పట్టికలో పెట్టి ఐటీడీఏ పీవో ముందు, హైకోర్టు ముందు ఉంచితే అది వేరే బలం. ఆ పట్టిక తయారు చేయడం నేర్పేదే ఈ చదువు.

మనవాళ్లకు ఇది చేతకాదు అనే వాళ్లు గడ్చిరోలి చూడాలి. మన ఆసిఫాబాద్ నుంచి ప్రాణహిత దాటితే ఆ జిల్లానే, గోండుల నేల. అక్కడ అభయ్, రాణి బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డను ఇంట్లోనే ఎలా కాపాడాలో నేర్పారు. 39 ఊళ్లలో నవజాత శిశు మరణాలు సగానికి పైగా తగ్గాయి. 1999లో లాన్సెట్ పత్రిక దాన్ని ప్రచురించింది. తర్వాత అదే పద్ధతి దేశమంతా ఆశా వర్కర్ల పనిగా మారింది. ప్రపంచం ఆ ఊళ్ల నుంచి నేర్చుకుంది. పని చేసింది ఊరి ఆడవాళ్లు. వాళ్ల కూతుళ్లు ఇప్పుడు ఆ పరిశోధనను తామే నడపగలగాలి.

ఇప్పుడు మన ముందున్న పరీక్ష సికిల్ సెల్. 2023 జులై 1న కేంద్రం మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేసి కార్డులిస్తామంది, 2047 నాటికి జబ్బును లేకుండా చేస్తామంది. పరీక్ష అవసరమే. కానీ కార్డు చేతిలో పెట్టి వెళ్లిపోతే చాలదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఆ జన్యువు వస్తేనే జబ్బు. ఒక వైపు నుంచే వస్తే ఆ మనిషి రోగి కాదు, వాహకం మాత్రమే. పైగా ఆ ఒక్క జన్యువు ప్రమాదకరమైన మలేరియా నుంచి కొంత కాపాడుతుంది. అందుకే మలేరియా ఉన్న నేలల మీద, ఆఫ్రికాలో అయినా మన అడవుల్లో అయినా, అది తరాలుగా నిలిచింది. ఇది శాపం కాదు, జాతిలో లోపమూ కాదు. ఈ మాట గోండిలో, కోయలో, కువిలో చెప్పేవాళ్లు లేకపోతే ఆ కార్డు ఒక ఆడపిల్ల పెళ్లి చెడగొట్టే కాగితం అవుతుంది.

"ఉద్యోగం వస్తుందా అన్నా?" అని అడుగుతారు. అడగాల్సిందే. ఆకలికి ఆదర్శం అన్నం పెట్టదు. నిజం చెప్తా: మన దేశంలో డిగ్రీ స్థాయిలో ఈ కోర్సులు తక్కువ, డిగ్రీ ఒక్కటే చాలదు, చాలాచోట్ల ఎంపీహెచ్ అడుగుతారు. ఎంపీహెచ్‌లో చేరడానికి మాత్రం ఎంబీబీఎస్సే ఉండాలన్న రూలు చాలా యూనివర్సిటీల్లో లేదు. బీఎస్సీ వాళ్లు, బీఏ వాళ్లు, నర్సింగ్ వాళ్లు చేరుతున్నారు. జిల్లాల్లో వ్యాధుల నిఘా విభాగాల్లో, జాతీయ ఆరోగ్య మిషన్‌లో, పరిశోధనా సంస్థల్లో పనులున్నాయి. ఎక్కువ శాతం కాంట్రాక్టువే, దాని మీదా కొట్లాడాలి. ఇప్పుడు డిగ్రీలో ఉన్నవాళ్లు గణాంకాలను వదలకండి. అంతకంటే ముఖ్యం, అమ్మ భాషను వదలకండి. ఈ రంగంలో అది మీకున్న ఆస్తి, ఏ విదేశీ డిగ్రీకీ లేనిది.

అడగాల్సినవి కూడా ఉన్నాయి.

ఒకటి. విజయనగరం జిల్లాలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో వచ్చింది. ములుగులో సమ్మక్క సారక్క విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం తెలిపింది. ఈ రెండింటిలోనూ ప్రజారోగ్యం డిగ్రీ కోర్సుగా నిలబడాలి, ఏజెన్సీ ఊళ్లే దానికి ప్రాక్టికల్స్ కావాలి.

రెండు. ఎస్టీలకు కేంద్రం ఇచ్చే జాతీయ విదేశీ విద్యా స్కాలర్‌షిప్ ఏడాదికి 20 మందికే, అదీ పీజీ, ఆపై స్థాయికే. సంఖ్య పెరగాలి, డిగ్రీ పిల్లలకూ తలుపు తీయాలి.

మూడు. ఏజెన్సీలో మన శరీరాల మీద ఏ పరిశోధన జరిగినా గ్రామసభకు మన భాషలో చెప్పి అనుమతి తీసుకోవాలి. ఫలితాలు తిరిగొచ్చి మొదట ఆ గ్రామసభకే చెప్పాలి. వార్డెన్ సంతకం చెల్లదు.

ఆగస్టు 9న ఎలాగూ జెండాలు ఎత్తుతాం, డోలు కొడతాం. ఈసారి ప్రతి ఊరి యువజన సంఘం ఒక నోటు పుస్తకం కూడా మొదలుపెట్టండి. పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, ఏ జబ్బుతో, ఏ నెలలో, ఆసుపత్రికి చేరారా లేదా, ఎన్ని గంటలు పట్టింది. ఇంటి గుట్టు బయటపడకుండా, ఆ ఇంటివాళ్లను అడిగి రాయండి. రాసే బాధ్యత ఊళ్లో చదువుకున్న చెల్లెలికి ఇవ్వండి. రేపు గ్లోబల్ హెల్త్ చదవబోయేది ఆమే కావచ్చు.

జై ఆదివాసీ!