గేరు దానంతట అదే మారే బండి మొరాయిస్తే

పోయిన నెల మోటార్‌సైకిల్ చైను గురించి రాశాను కదా. అది చదివి వ్యాసర్పాడి నుంచి ఇద్దరు, పుళియాంతోపు నుంచి ఒకాయన నేరుగా షెడ్డుకే వచ్చారు. "అన్నా, ఆటోమేటిక్ గేరు కార్ల గురించి కూడా రాయండి, మా పిల్లలు ఇప్పుడు తోలేది అవే" అన్నారు. నిజమే. మన పెద్దవాళ్ళు మిల్లు సైరన్ వినపడగానే షిఫ్టుకు పరిగెత్తారు. పిల్లలు తెల్లవారుజామున మూడు గంటలకు ఎయిర్‌పోర్టు ట్రిప్పుకు పరిగెత్తుతున్నారు. అప్పుడు మిషను ఆగితే ఆ పూట కూలి పోయేది. ఇప్పుడు బండి ఆగితే కూలీ పోతుంది, బ్యాంకు డ్యూ మాత్రం ఆగదు.

రెండు నెలల కిందట మా వీధి చివరింటి తమ్ముడు, వాళ్ళావిడ షెడ్డు ముందు ఆగారు. ఇద్దరి మొహాలూ బాగా లేవు. విషయం ఏందంటే, టాక్సీగా తోలే వాళ్ళ కారు ట్రాఫిక్‌లో ఉన్నట్టుండి న్యూట్రల్‌లో పడిపోతోంది. మీటరు దగ్గర ఎన్ అక్షరం మినుకుమినుకుమంటుంది, వెనకవాళ్ళు హారన్లు కొడతారు. ఒక పెద్ద వర్క్‌షాపులో చూపిస్తే, గేరు మార్చే యూనిట్ మొత్తం పోయింది, 62,000 అవుతుంది అన్నారట. ఆ అమ్మాయి మెడలో గొలుసు సేటు కొట్లో కుదువ పెట్టడానికి పోతున్నారు. "అన్నా, మీరొకసారి చూడండి, ఆ తర్వాతే పోతాం" అనింది ఆ అమ్మాయి. ఆ మాట అన్నందుకు ఆమెను మెచ్చుకోవాల.

నేను బానెట్ ఎత్తలేదు. ముందు కూర్చోబెట్టి అడిగాను. ఎప్పుడు వస్తోంది? బండి చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఏ గేరులో? ఈ మధ్య ఏం మార్చారు? తమ్ముడు చెప్పాడు: "పొద్దున స్టార్ట్ చేయగానే ఒకసారి అన్నా. మళ్ళీ రాత్రి ట్రాఫిక్‌లో. పగలు హైవేలో ఏం లేదు." పొద్దునంటే రాత్రంతా నిలబడిన బ్యాటరీ. రాత్రి ట్రాఫిక్ అంటే లైట్లు, ఏసీ, ఫోన్ ఛార్జింగు అన్నీ ఒకేసారి. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

ఇక్కడ కాస్త వివరం చెప్పాలి. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో ఏఎంటీ అనే రకం సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది. దాని లోపల ఉండేది మామూలు క్లచ్చు, మామూలు గేర్‌బాక్సే. మన ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పనిని కరెంటుతో నడిచే చిన్న యంత్రం చేస్తుంది, అంతే. కరెంటు సరిగా అందకపోతే దానికి బలం చాలదు. గేరు సగంలో వదిలేస్తుంది.

మీటరు పెట్టి చూశాను. ఇంజను ఆపి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపుల్లో చూపించాలి. ఇది 11.9 చూపించింది. స్టార్ట్ చేస్తే 9 కన్నా కిందికి పడింది. గేర్‌బాక్సు నుంచి బాడీకి పోయే ఎర్తు తీగ చివర పచ్చగా చిలుము పట్టి ఉంది. దాన్ని గీకి శుభ్రం చేసి, నా దగ్గరున్న మంచి బ్యాటరీ పెట్టి, "నాలుగు రోజులు తోలు, డబ్బులొద్దు" అని పంపించాను. నాలుగు రోజుల్లో పెరంబూరు బ్రిడ్జి ఎన్నిసార్లు ఎక్కాడో లెక్కలేదు, ఎన్ అక్షరం మళ్ళీ కనపడలేదు. కొత్త బ్యాటరీకి 5,000 లోపే అయింది. గొలుసు మెడలోనే ఉంది.

అయితే నిజం పూర్తిగా చెప్పాలి. క్లచ్చు కూడా సగానికి పైగా అరిగింది. "ఏడాదిలోపు దానికి ఖర్చు తప్పదు, నెలకింత పక్కన పెట్టుకో" అని ఆరోజే చెప్పాను. ఆ వర్క్‌షాపువాళ్ళు మోసం చేశారనీ అనను. స్కానర్ పెడితే గేరు మార్చే యూనిట్ పేరు చూపించి ఉంటుంది, అక్కడితో ఆపేశారు. స్కానర్ ఎక్కడ తేడా ఉందో చెబుతుంది. ఆ తేడా ఎందుకొచ్చిందో మనిషే వెతకాల.

ఇక పాత రకం ఆటోమేటిక్. ఇందులో క్లచ్చు పెడలు పని నూనె చేస్తుంది. మా నాయన మిల్లులో ఫిట్టరు. "మోటారు తిరుగుతోంది, షాఫ్టు తిరగట్లేదంటే బెల్టు జారుతోందిరా" అనేవాడు. కారులోనూ అంతే. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుస్తోంది, బండి మాత్రం వేగం అందుకోవట్లేదంటే లోపల జారుతోందని అర్థం. అప్పుడు తోలకూడదు. తోలిన ప్రతి కిలోమీటరూ ఖర్చు పెంచుతుంది.

మిగతా గుర్తులు ఇవి:

డి లోకి గానీ ఆర్ లోకి గానీ పెట్టాక రెండు మూడు సెకన్లు ఆలస్యంగా పట్టుకుంటే ముందు నూనె మట్టం చూడండి.

గేరు వేయగానే ధడేలుమంటే గేర్‌బాక్సే అనుకోవద్దు. ఇంజను మౌంటింగు రబ్బరు తెగినా, ఐడిలింగు ఎక్కువున్నా అట్లే కొడుతుంది.

పి లో నుంచి కడ్డీ కదలకపోతే వెనక బ్రేకు లైటు వెలుగుతోందో లేదో ఎవరినైనా చూడమనండి. వెలగకపోతే బ్రేకు పెడలు దగ్గరి చిన్న స్విచ్చు పోయి ఉండొచ్చు. అది వందల్లో పోయే పని.

బండి ఒకే గేరులో ఇరుక్కుపోయి మెల్లగా మాత్రమే పోతుంటే, ఏదో తప్పు కనిపెట్టి కంప్యూటరే దాన్ని కాపాడుకుంటోందని అర్థం. నిదానంగా షెడ్డుకు చేర్చండి.

నూనె చూసేటప్పుడు బండి సమంగా ఉన్న నేల మీద ఉండాలి. చాలా బండ్లలో వేడెక్కాక, ఇంజను నడుస్తుండగా చూస్తారు, కొన్నింట్లో ఆపి చూస్తారు. బండితో ఇచ్చిన పుస్తకంలో ఎట్లా ఉంటే అట్లా చేయండి. కొత్త బండ్లలో చాలావాటికి కొలిచే కడ్డీయే ఉండదు, కింద నుంచి బోల్టు తీసి చూడాల్సిందే. నూనె ఎర్రగా, తేటగా ఉంటే మంచిది. నల్లబడి మాడు వాసన వస్తే లోపల ప్లేట్లు కాలాయి. పాలు కలిపినట్టు ఉంటే నీళ్ళు కలిశాయి.

ఆ పాల రంగు మన ఊళ్ళో 2015 డిసెంబరు వరదప్పుడు చూశాం, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానప్పుడూ చూశాం. నీళ్ళల్లో మునిగిన బండిని స్టార్ట్ చేయొద్దు. ముందు చక్రాలతో నడిచే బండిని ముందు చక్రాలు నేల మీద ఉండగా లాక్కుపోవద్దు. ఆ చక్రాలు తిరుగుతుంటే లోపల నూనె అందక గేర్‌బాక్సు పాడవుతుంది. లారీ మీదకు ఎక్కించండి. అద్దె ఎక్కువే, గేర్‌బాక్సు ఖర్చుతో పోలిస్తే తక్కువ.

నూనె సంగతిలో నేను చేసిన తప్పు కూడా చెప్పేస్తాను. కొన్నేళ్ళ కిందట సీవీటీ రకం కారు ఒకటి వచ్చింది. అందులో పళ్ళ చక్రాల బదులు ఉక్కు బెల్టుతో వేగం మారుతుంది. నూనె కొంచెం తగ్గిందని నా దగ్గరున్న మామూలు ఎర్ర ఆటోమేటిక్ నూనె పోశాను. వారం తిరక్కుండా వణుకుతూ వెనక్కి వచ్చింది. ఆ బెల్టుకు వేరే నూనె కావాలి. మొత్తం తీసేసి, సరైనది కొని పోసే ఖర్చు నాదే అయింది. ఆ నెల ఇంట్లో బియ్యం అప్పు మీద వచ్చాయి. అప్పటి నుంచి డబ్బా మీద పేరు, పుస్తకంలో పేరు కలవకపోతే మూత తియ్యను.

తోలే పిల్లలకు రెండు మాటలు. బ్రిడ్జి ఎక్కే దారిలో ట్రాఫిక్ ఆగితే యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టొద్దు, బ్రేకు తొక్కండి. ఏఎంటీలో క్లచ్చు అరిగేది ఎక్కువగా అక్కడే. రివర్సులో నుంచి డి లోకి మార్చేటప్పుడు బండి పూర్తిగా ఆగనివ్వండి.

ఇంట్లో ఆడవాళ్ళకు ఒక మాట. డబ్బు బయటికి పోయేది మీ చేతి మీదుగానే. ఎవరైనా గేర్‌బాక్సు మార్చాలంటే మూడు ప్రశ్నలు అడగండి. స్కానర్‌లో ఏం వచ్చింది, కాగితం మీద రాసిస్తారా? బ్యాటరీ, ఎర్తు, నూనె చూశారా? తీసిన పాత సామాను మాకు చూపిస్తారా? ఈ మూడింటికీ విసుక్కోకుండా జవాబు చెప్పేవాడి దగ్గరే పని పెట్టండి. విసుక్కున్నాడంటే బండి తీసుకుని ఇంకొకరి దగ్గరికి పొండి. గొలుసు ఒకరోజు ఆలస్యంగా కుదువ పెడితే నష్టమేం లేదు.

వచ్చే నెల ఆటో మీటరు వైరింగు గురించి రాస్తాను. అడగాల్సింది ఉంటే సాయంత్రం ఆరు తర్వాత షెడ్డుకు రండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం.