కోర్లు ఎన్ని, వేగం ఎంత?

బహుకోర్ సంగణకాన్ని అష్టావధానితో పోల్చేవారున్నారు. నాకది సమ్మతం కాదు. అవధానికున్నది ఒకే బుద్ధి. దానిని ఎనమండుగురు పృచ్ఛకుల నడుమ వంతులవారీగా తిప్పుతాడు. అది ఏకకోర్ యంత్రపు పని. బహుకోర్ అంటే ఒకే వేదికపై ఎనమండుగురు అవధానులు. అయినా నిషిద్ధాక్షరి త్వరగా ముగియదు. పృచ్ఛకుడు ఒక అక్షరాన్ని నిషేధించాకనే తరువాతి అక్షరం పుట్టాలి, పంచుకొనే వీలెక్కడ?

మా రాప్తాడులో నా పూర్వశిష్యుడొకడు బ్లెండర్‌తో తొలకరిపై ఒక నిమిషం యానిమేషన్ తలపెట్టాడు. సెకనుకు 24 చొప్పున 1440 ఫ్రేములు. ఇంటి యంత్రం చాలక, తండ్రి చెనిక్కాయలమ్మిన సొమ్ముతో 64 కోర్ల క్లౌడ్ యంత్రాన్ని గంటల లెక్కన అద్దెకు తీసుకున్నాడు. "సార్, అరవైనాలుగు రెట్లన్యా? అండ్ల పావు వంతు గూడా రాల్యా" అన్నాడు.

ఫ్రేమును రెండర్ చేయాలంటే ముందు దృశ్యాన్ని మెమరీలోకి ఎక్కించాలి, కాంతికిరణం దేనిని తాకునో వెదకడానికి అనువుగా వస్తువులను అమర్చాలి, చివర ఫైలుగా భద్రపరచాలి. వీటిలో కొంత నిషిద్ధాక్షరి వంటిదే. కిరణాల గణన మాత్రం విత్తనపు కాయలు ఒలవడం వంటిది; ఎందరు కూర్చుంటే అంత వేగం. 1967లో జీన్ ఆమ్‌డాల్ చేసిన వాదం సారమిదే. పంచరాని భాగం నూటికి 5 అనుకోండి. 64 కోర్లతో వేగం 15 రెట్లే. కోర్లు అనంతమైనా 20 దాటదు. పైగా చాలా క్లౌడ్ యంత్రాలలో 'వీసీపీయూ' అనేది పూర్తి కోర్ కాదు, అందులో ఒక థ్రెడ్ మాత్రమే! పదిమంది కూలీల పనిని ఇరవైమంది సగం దినాలలో చేస్తారని బడిలో లెక్కలు చేయించాము గదా, ఈ భ్రమకు ఆ లెక్కలే బీజమని నా అనుమానం.

అయితే ఒక ఫ్రేముకు మరొక ఫ్రేముతో నిమిత్తం లేదు. కనుక 64 కోర్ల యంత్రం ఒక్కటి కాక, 16 కోర్లవి నాలుగు తీసుకొని ఫ్రేములు పంచితే, ఒక్కొక్కటి 9 రెట్లు, వెరసి 36. అద్దె దాదాపు అంతే. 'ఈగ' (2012) గ్రాఫిక్స్‌కు హైదరాబాదులోని మకుట సంస్థ జాతీయ పురస్కారం అందుకొన్నది. అటువంటి పెద్ద సంస్థలలో ఇది తెలిసిన విద్యే. పల్లె కుర్రవానికి చెప్పేదెవరు? కోర్ల సంఖ్యను పెద్దక్షరాలలో ప్రకటించేవారు ఈ లెక్కను కూడా ప్రక్కన వ్రాయాలని నా కోరిక.

ఇప్పుడతడు మూడేసి ఫ్రేములను 8, 16, 32 కోర్లపై నడిపి గడియారం చూస్తున్నాడు. ఇంకా 900 ఫ్రేములు మిగిలాయి.