గార తీసే చేతికి చదువేదీ?

శనివారం వస్తే మాదాపూర్, కొండాపూర్ డెంటల్ క్లినిక్‌లలో కుర్చీ ఖాళీ ఉండదు. వారమంతా లాప్‌టాప్ ముందు కూర్చున్నవాళ్లు పంటి నొప్పిని మాత్రలతో నెట్టుకొచ్చి ఆ రోజు బయల్దేరతారు. నిరుడు అలాంటి ఒక శనివారం నేనూ వెళ్లాను. డాక్టరమ్మ పక్క కుర్చీలో రూట్ కెనాల్ చేస్తోంది. నాకు క్లీనింగ్ మొదలుపెట్టింది మాత్రం ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల అమ్మాయి. ఎడమ చేతిలో అద్దం, కుడి చేతిలో గార తీసే స్కేలర్. ఉంగరపు వేలిని పక్క పంటి మీద ఆనించి, స్కేలర్ కొస చిగురుకు గుచ్చుకోకుండా పంటి అంచు వెంటే నడిపింది. కింది ముందు పళ్ల వెనక భాగం దగ్గర ఆగి అద్దంలో చూపించింది. "నాలుక కిందకెళ్లి లాలాజలం ఊరుతది కద సార్, గార ఇక్కడనే ఎక్కువ పేరుకుంటది" అంది.

నోరు పుక్కిలించాక అడిగాను, ఏం చదివావమ్మా అని. "ఇంటర్ బైపీసీ సార్. ఇక్కడ చేరినంక చూసుకుంటనే నేర్చుకున్న. నాలుగేండ్లైంది."

పనితనం ఉన్న చెయ్యి అది. కానీ నాకు షుగర్ ఉందా అని ఆమె అడగలేదు. రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నానా అని అడగలేదు. చిగురుకూ పంటికీ మధ్య లోతు ఎంతుందో కొలవలేదు. ఇవి అడగాలనీ కొలవాలనీ ఆమెకు ఎవరూ నేర్పలేదు. చేతికి పని వచ్చింది, ఆ పని వెనకున్న చదువు అందలేదు. ఈ లోటుకు ఆ పిల్లను తప్పుపట్టలేం. ఆ చదువు ఒకటుందనైనా ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆమె చేస్తున్న పనికి చట్టంలో పేరుంది: డెంటల్ హైజీనిస్ట్. 1948 నాటి డెంటిస్టుల చట్టమే ఆ మాటకు అర్థం చెప్పింది. డెంటిస్టు కాకపోయినా, పళ్ల గార తీసి, శుభ్రం చేసి, మెరుగుపెట్టి, నోటి శుభ్రత గురించి చెప్పే వ్యక్తి అని. కట్టుడు పళ్లు తయారుచేసే డెంటల్ మెకానిక్‌కూ, హైజీనిస్ట్‌కూ రాష్ట్రాలు వేర్వేరు రిజిస్టర్లు పెట్టాలంది. డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కోర్సుకు నిబంధనలు రాసింది. ఇంటర్ సైన్సు పాసైనవాళ్లు రెండేళ్లు చదవాలి. శరీర నిర్మాణం, సూక్ష్మజీవులు, పంటి నిర్మాణం, గార తీసే పద్ధతులు, నివారణ, వృత్తి నియమాలు చదివాక రాష్ట్ర కౌన్సిల్‌లో నమోదు కావాలి. బీడీఎస్‌కు కావాల్సిన నీట్ దీనికి అక్కర్లేదు. అంటే స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే ఈ వృత్తికి దేశం పునాది వేసింది. ఇన్నేళ్లయినా దాని మీద గోడలు లేవలేదు. డెంటిస్టుల రిజిస్టరు లక్షల్లోకి వెళ్లింది, హైజీనిస్టుల సంఖ్య వేలు దాటి పోలేదు. అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ పేరు హైదరాబాద్‌లో అందరికీ తెలుసు. హైజీనిస్ట్ కోర్సు ఎక్కడుందని అడిగితే బైపీసీ చెప్పే లెక్చరర్లే తడుముకుంటారు.

ఎందుకిలా జరిగింది? డెంటల్ కాలేజీల యజమానుల్ని అడిగినా క్లినిక్‌లవాళ్లను అడిగినా ఒకే జవాబు: బీడీఎస్‌లే దండిగా ఉన్నారు, హైజీనిస్ట్ ఎందుకు? నిజమే, దేశంలో 300కు పైగా డెంటల్ కాలేజీలున్నాయి. బీడీఎస్ సీట్లు ఏటా పాతిక వేలు దాటుతున్నాయి. నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ ముగించి వచ్చిన కుర్రాడు పక్క టవర్‌లో చేరిన సాఫ్ట్‌వేర్ ఫ్రెషర్ కంటే తక్కువ జీతానికి ఒప్పుకునే పరిస్థితి ఉంది. అలాంటప్పుడు గార తీయడానికి మరో మనిషిని పెట్టుకోరు, అతనితోనే తీయిస్తారు. అతను దొరకని చోట, నేను చూసిన అమ్మాయిలాంటి సహాయకులు తీస్తారు.

ఈ లెక్క పైకి బాగానే కనిపిస్తుంది గానీ రెండు వైపులా నష్టమే. ఐదేళ్లు చదివిన డాక్టరు చదువుకు తగ్గ పని లేక నీరసించిపోతాడు. క్లీనింగేమో కుర్చీ తొందరగా ఖాళీ చేయించే పదిహేను నిమిషాల తంతుగా మారుతుంది. ముప్ఫయ్యారు గంటలు కంప్యూటర్ పాఠాలు విని కోడు రాస్తానంటే గచ్చిబౌలిలో ఏ కంపెనీ అయినా సర్టిఫికెట్ చూపించమంటుంది. అదే కంపెనీ ఉద్యోగి నోట్లో పదునైన పనిముట్టు పెట్టే మనిషిని ఆ మాట అడిగేవాళ్లు లేరు.

చిగుళ్ల జబ్బు చిన్న విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం నోటి జబ్బులున్నవాళ్లు ప్రపంచంలో 350 కోట్ల మంది. ముదిరిన చిగుళ్ల జబ్బుతో ఉన్నవాళ్లే 100 కోట్లు. షుగర్ ఉంటే చిగుళ్లు త్వరగా చెడతాయి, చిగుళ్లు చెడితే షుగర్ అదుపు తప్పుతుంది. రాత్రి షిఫ్టులు, వేళ తప్పిన తిండి, గంటకో కాఫీ, కూర్చున్న చోటు నుంచి కదలని ఉద్యోగం, ఇవన్నీ కలిసిన సైబరాబాద్‌లో ఈ రెండు జబ్బులూ ఒకే ఒంట్లో చేరడం ఎంత తేలికో వేరే చెప్పాలా? ఇక మన ఇళ్లలో పాతుకుపోయిన మాట ఒకటుంది: క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయని. గార గట్టిపడి పళ్ల మధ్య సిమెంటులా పట్టుకుని ఉంటుంది. దాన్ని తీయగానే సందులు కనిపిస్తాయి, అప్పటికే కదులుతున్న పన్ను కదలడం తెలుస్తుంది. పన్నును వదులు చేసింది ఏళ్ల తరబడి పేరుకున్న గారే. ఈ సంగతి కుర్చీ పక్కన కూర్చుని అద్దంలో చూపిస్తూ, రోగి నమ్మేదాకా చెప్పే ఓపిక ఒకరికి ఉండాలి. పక్కన నలుగురు ఎదురుచూస్తుంటే డాక్టరుకు అంత తీరిక దొరకదు. హైజీనిస్ట్ ఉద్యోగంలో సగం ఈ చెప్పడమే.

ఈ వృత్తి పుట్టిందే ఆ ఆలోచనతో. అమెరికాలో కనెటికట్ రాష్ట్రం బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే డెంటిస్టు 1906లో తన దగ్గర పనిచేసే బంధువు ఐరీన్ న్యూమన్‌కు గార తీయడం నేర్పాడు. 1913లో బడి పెట్టాడు, మరుసటి ఏడాది 27 మంది మహిళలు చదువు ముగించి బయటికొచ్చారు. వాళ్లు ఊళ్లోని బడులకు వెళ్లి పిల్లల పళ్లు శుభ్రం చేస్తూ, తోముకోవడం నేర్పారు. ఐరీన్ కూడా క్లినిక్‌లో చూసి నేర్చుకున్న సహాయకురాలే. తేడా ఒక్కటే: ఆమె చేతిపని తరువాత బడి అయింది, 1917లో లైసెన్సు అయింది.

ఇప్పుడక్కడ ఆ కోర్సులో చేరాలంటే అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ ముందే చదివి ఉండాలని చాలా కాలేజీలు అడుగుతాయి. చివరి ఏడాది వారానికి 12 నుంచి 16 గంటలు రోగుల దగ్గరే పని చేయించాలని గుర్తింపు సంస్థ నిబంధన. తర్వాత 350 ప్రశ్నల జాతీయ పరీక్ష, ఆపై రాష్ట్ర లైసెన్సు. 2023 లెక్కల్లో అక్కడి హైజీనిస్ట్ మధ్యస్థ వార్షిక వేతనం 87 వేల డాలర్ల పైమాటే. ఈ సంగతి తెలుగు కుటుంబాలకు కొత్త కాదు. ఇక్కడ బీడీఎస్ చేసి, సాఫ్ట్‌వేర్ అబ్బాయిని పెళ్లాడి, హెచ్-4 వీసా మీద వెళ్లిన అమ్మాయిలు ఎందరో. డెంటిస్టుగా లైసెన్సు రావాలంటే అక్కడ మళ్లీ రెండు మూడేళ్లు లక్షల డాలర్లు పోసి చదవాలి. అందుకే ఫ్లోరిడా లాంటి చోట, విదేశీ డెంటల్ డిగ్రీ ఉన్నవాళ్లను హైజీనిస్ట్ పరీక్షకు అనుమతిస్తారని తెలిసి ఆ దారి వెతుక్కునేవాళ్లున్నారు. మాదాపూర్‌లో ఉండగా పేరే వినని ఉద్యోగం కోసం అక్కడ రాత్రింబవళ్లు చదువుతారు. అది తక్కువ పని అని అక్కడ వాళ్లకు అనిపించదు.

అమెరికాలో ఆ వృత్తి నిలబడటానికి కారణం చదువొక్కటే కాదు. డెంటల్ బీమా సాధారణంగా ఏడాదికి రెండు క్లీనింగ్‌లకు డబ్బు చెల్లిస్తుంది. నివారణకు డబ్బు వచ్చే చోట నివారణ చేసే మనిషికి జీతం పుడుతుంది. మన ఐటీ కంపెనీలు ఇచ్చే గ్రూప్ పాలసీల్లో పళ్ల చికిత్స సాధారణంగా ప్రమాదం జరిగితేనే ఉంటుంది. క్యాంపస్‌లో ఏడాదికోసారి ఉచిత డెంటల్ క్యాంపు పెట్టి, డిస్కౌంటు కూపన్ చేతిలో పెట్టి పంపుతారు. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి ఈ ఐటీ కారిడార్ లక్షల మందికి జీతాలిచ్చింది. ఆ కంపెనీల హెచ్ఆర్ విభాగాలు బీమా సంస్థలతో బేరమాడేటప్పుడు ఆరు నెలలకో క్లీనింగ్ అడిగితే, అది రిజిస్టరైన మనిషే చేయాలని షరతు పెడితే, ఈ వృత్తికి హైదరాబాద్‌లో రెండు మూడేళ్లలో గిరాకీ పుడుతుందని నా నమ్మకం. గిరాకీ లేకుండా కోర్సు పెడితే సీట్లు ఖాళీగా మిగులుతాయి.

హైజీనిస్టులు పెరిగితే సొంత దుకాణాలు తెరుస్తారని డెంటిస్టులకు భయముంది. నాటు వైద్యం చూసిన దేశంలో ఆ భయాన్ని తోసిపుచ్చలేం. బ్రిటన్ 2013లో డెంటిస్టు చీటీ లేకుండానే రోగులు నేరుగా హైజీనిస్ట్ దగ్గరికి వెళ్లేందుకు వీలు కల్పించింది. మనం అంత దూరం ఇప్పుడే వెళ్లక్కర్లేదు, డెంటిస్టు పర్యవేక్షణలోనే పని చేయనిద్దాం. కానీ రిజిస్టరు లేని చేతులు ఇప్పటికే పని చేస్తున్నప్పుడు, రిజిస్టరైన చేతుల్ని చూసి జంకడం ఏం న్యాయం?

1948 చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం చేసింది. డెంటిస్టులతో పాటు డెంటల్ సహాయక వృత్తులవాళ్లకూ అందులో రిజిస్టరు ఉంది. నియమాలు కొత్తగా రాసుకునే అవకాశం ఇదే. ప్రవేశానికి ఇంటర్ బైపీసీ చాలు, ఇంకో నీట్ లాంటి పరీక్ష పెట్టి పల్లెటూరి పిల్లల్ని గుమ్మం బయటే ఆపొద్దు. వడపోత లోపల ఉండాలి. రెండో ఏడాది ఎక్కువ భాగం రోగుల దగ్గరే గడవాలి. షుగర్, బీపీ, గుండె జబ్బు, గర్భం, వాడుతున్న మందులు అడిగి రాసుకోవడం అలవాటైపోవాలి. క్లినిక్‌లలో ఏళ్లుగా చేస్తున్నవాళ్లకు పని మానకుండా చదివే సాయంత్రపు బ్యాచ్‌లు కావాలి. ఫీజు వాళ్ల జీతానికి అందేలా ఉండాలి. అఫ్జల్‌గంజ్ కాలేజీలో కుర్చీలున్నాయి, ప్రొఫెసర్లున్నారు, రోజూ వచ్చే రోగులున్నారు. మొదటి బ్యాచ్ అక్కడ మొదలుపెట్టొచ్చు.

పరీక్షలో ఏం అడగాలో కూడా చెబుతాను. మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి కడ్డీని చిగురు పక్కన దించి లోతు చూస్తారు. పంటికి ఆరు చోట్ల కొలవాలి. 1 నుంచి 3 మిల్లీమీటర్లుంటే ఆరోగ్యం, అంతకు మించితే జబ్బు మొదలైనట్టు. ముప్ఫై రెండు పళ్లకు 192 కొలతలు. అవన్నీ తప్పు లేకుండా తీసి, కాగితం మీద రాసి, ఎదురుగా కూర్చున్న రోగికి తెలుగులో అర్థమయ్యేలా చెప్పగలగాలి. నాకు క్లీనింగ్ చేసిన అమ్మాయికి ఆ కడ్డీ చేతికిచ్చి ఒక నెల నేర్పితే చాలు, ఆ పని ఆమె చేయగలదు.