చెక్క నేల ఉబ్బితే ఖర్చెవరిది?

టు-లెట్ బోర్డుల మీద ఒకప్పుడు 'మంచినీటి సౌకర్యం కలదు', 'శాకాహారులకు మాత్రమే' అని ఉండేవి. విశాఖలో లాసన్స్ బే కాలనీ నుంచి రుషికొండ దాకా ఇప్పుడు ఇంకో రెండు మాటలు చేరాయి. ఒకటి 'సీ వ్యూ', రెండోది 'వుడెన్ ఫ్లోరింగ్'. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ అయిదేళ్లలో ఇక్కడ 1,500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించాక ఇంటివాళ్ల ఆశలకి రెక్కలొచ్చాయి. ఒక్క పడకగదిలోనన్నా చెక్క పరిచి అద్దె పెంచి చెబుతున్నారు. చూడ్డానికి బాగానే ఉంటుంది, కాదనను. మోకాళ్ల నొప్పులున్న అత్తగారికి తెల్లవారుజామున కాలు కింద పెట్టాలంటే పాలరాయి కన్నా చెక్కే హాయి.

అయితే అది ఏ చెక్కో ముందు తెలుసుకోవాలి. ఆ పేరుతో పరిచేవాటిలో చాలావరకు అసలు కలపే కాదు. కలప పీచును జిగురుతో ఒత్తి చేసిన పలక, దానిమీద చెక్క గీతలు అచ్చువేసిన కాగితం, ఆపైన గట్టి పూత. ల్యామినేట్ అంటారు. అసలు కలపైతే గీత పడ్డా చిత్రిక పట్టించి పాలిష్ పెట్టించుకోవచ్చు. దీన్ని గీకితే బొమ్మే పోతుంది. అతుకుల్లోకి నీళ్లు దిగాయా, అంచులు అప్పడంలా లేస్తాయి. పోనీ అసలు కలపైనా సముద్రపు గాలిలో తేమ పీల్చుకుని ఉబ్బకుండా ఉండదు. వానాకాలంలో మన తలుపులు బిగుసుకుపోవడం చూడలేదూ, ఇదీ అంతే.

ఇక షరతులు చూడండి. నీళ్లు పోసి కడగకూడదు, గుడ్డ గట్టిగా పిండి తుడవాలి, మంచం లాగకూడదు... ఇవన్నీ ఎవరి చేతులకి? శుక్రవారం ఇల్లు కడుక్కునేదీ, పనిమనిషి వెనకాల నిలబడి తుడిపించేదీ మనమే కదా! అగ్రిమెంటు మీద సంతకం మాత్రం ఆయనది. చాలా ఇళ్లల్లో ఆ కాగితంలో ఏముందో ఇల్లాలికి తెలియదు.

మా పిన్ని కూతురు ఎం.వి.పి. కాలనీలో అలాంటి ఫ్లాటులో మూడేళ్లుంది. ఖాళీ చేసేటప్పుడు బాల్కనీ తలుపు దగ్గర నాలుగు పలకలు లేచాయని అడ్వాన్సులో సగం ఆపేశారు. తలుపు సందులోంచి జల్లు కొడుతోందని మొదటి ఏడాదే ఇంటాయనకి ఫోన్లో చెప్పింది. 'మీవారు నాతో అనలేదే!' అన్నాడట ఆయన. మా బావగారికి పలకల సంగతే తెలియదాయె.

చట్టం మరీ అన్యాయంగా ఏమీ లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ ప్రకారం ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి. కానీ మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకి, మనిషి ఆపలేని శక్తి చేసిన నష్టానికి మినహాయింపు ఉంది. కుర్చీ కాళ్ల గీతలు, గాలి తేమకి ఉబ్బడం మొదటి కోవలోకి వస్తాయని వాదించొచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కిటికీలు పగలగొట్టి ఇళ్లల్లోకి వాన తెచ్చింది చూడండి, అలాంటిది రెండో కోవ. చిక్కల్లా ఎక్కడంటే, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతేనే ఈ సెక్షన్ మనల్ని కాస్తుంది. 'ఫ్లోరింగుకి ఏ నష్టం జరిగినా అద్దెదారుదే బాధ్యత' అన్న ఒక్క వాక్యం చాలు, ఆ రక్షణ చేజారడానికి. పదకొండు నెలలకి రాసుకునే ఆ కాగితాన్ని టైపు షాపులో ఎవరు చదువుతారు?

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కొంత నయం. నివాసానికైతే అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదంది. తుఫాను లాంటి విపత్తులో ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే, బాగుచేసిచ్చేదాకా అద్దె అడగకూడదంది. కుళాయి వాషర్లు, స్విచ్చిలు, గొళ్లేలు మనవి. గోడల సున్నం, పైపులు ఇంటివాళ్లవి అని మరమ్మతుల జాబితా కూడా ఇచ్చింది. అందులో నేల ఊసు విడిగా లేదు! పైగా అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంలో పెట్టుకున్నంత వరకే చెల్లుతుంది.

అందుకని 'ఏ నష్టం జరిగినా' అన్నచోట 'అద్దెదారు అజాగ్రత్త వల్ల జరిగిన నష్టానికి' అని రాయించండి. ఆయన పేరు పక్కన మీ పేరూ వేయించండి, అప్పుడు ఫోన్లో మీరు చెప్పిందీ మాటే అవుతుంది. ఫోన్లో చెప్పినదాన్నే రెండు ముక్కల్లో మెసేజీగా కూడా పెట్టండి. ఇల్లు చూడ్డానికి వానాకాలంలో వెళ్లగలిగితే మరీ మంచిది. బాల్కనీ తలుపు దగ్గర చెప్పులు విప్పి నడవండి. పలకల అంచులు అరికాలికి తగిలితే నీళ్లు ఇదివరకే దిగాయన్నమాట. మొదటి ఫొటో అక్కడే తీయండి.