పదకొండు దాటితే సైకిల్ దిగాలి

మోంటానా రాష్ట్రంలోని గ్లేసియర్ నేషనల్ పార్కులో, గోయింగ్ టు ది సన్ రోడ్డు మీద, సైకిల్‌కు రోజూ ఐదు గంటల వర్జ్యం ఉంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే దాకా, పగలు 11 నుంచి 4 వరకు, రెండు చోట్ల సైకిల్ తొక్కకూడదు. ఒకటి మెక్‌డొనాల్డ్ సరస్సు ఒడ్డున ఆప్గార్ నుంచి స్ప్రేగ్ క్రీక్ వరకు, రాకా పోకా రెండూ. రెండోది లోగన్ క్రీక్ నుంచి లోగన్ పాస్ కనుమ దాకా ఎక్కే వైపు. ఆ ఎక్కుడుకు మూడు గంటలు పడుతుందని పార్కువాళ్లే చెబుతారు. స్ప్రేగ్ క్రీక్ నుంచి లోగన్ క్రీక్‌కు ఇంకో ముప్పావు గంట. అంటే పొద్దున ఏడుంపావుకల్లా స్ప్రేగ్ క్రీక్ దాటకపోతే సాయంత్రం నాలుగు దాకా కనుమ మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇది అన్యాయమని సైకిల్ తొక్కేవాళ్లు, ఇదైనా ఉన్నందుకు బతికిపోయామని కార్లు నడిపేవాళ్లు అంటారు. అమెరికాలోని మన తెలుగువాళ్ల విషయంలో ఈ రెండు మాటలూ ఒకే నోట రావచ్చు. శనివారం పొద్దున హెల్మెట్ పెట్టుకుని యాభై మైళ్లు తొక్కి వచ్చే సాఫ్ట్‌వేర్ ఇంజినీరే, జూలైలో ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని మినీవ్యాన్‌లో ఎక్కించుకుని ఇదే కొండ ఎక్కుతాడు.

ముందు కారువైపు నుంచి చూద్దాం. తిరుమలలో ఎక్కడానికో ఘాట్ రోడ్డు, దిగడానికో ఘాట్ రోడ్డు ఉన్నాయి. ఇక్కడ రెంటికీ ఒకటే. గార్డెన్ వాల్ అనే కొండచరియను తొలిచి వేసిన దారి. పడమటి నుంచి ఎక్కేవాళ్లకు ఎడమచేతి వైపు, ఎదురు వాహనాల అవతల, రాతిగోడ. కుడిపక్కన మోకాలెత్తు పిట్టగోడ, దాని కింద లోయ. సైకిల్ ఒదిగి పోవడానికి అంచున జానెడు జాగా కూడా ఉండదు. గంటకు ఐదారు మైళ్ల వేగంతో ఒక మనిషి రొప్పుతూ ఎక్కుతుంటే వెనక కార్ల బారు పెరుగుతుంది. ఓపిక నశించిన ఎవరో పసుపుగీత దాటి పక్కకు తీస్తారు. ఎదురుగా మలుపు తిరిగి వచ్చేది పార్కులో తిరిగే 1930ల నాటి ఎర్ర టూరిస్టు బస్సు కావచ్చు. ఇలాంటి చోట నిషేధం పెట్టినవాళ్లను సైకిల్ ద్వేషులని అనలేం. కనుమ నుంచి దిగేటప్పుడు ఆ ఎక్కుడు భాగంలో ఈ వేళల నిషేధం లేదు. దిగే సైకిల్ కార్లతో సమానంగా పోతుంది కాబట్టి. నియమం చూసేది వేగంలో తేడానే. పైగా ఆంక్షలు సైకిల్‌కే కాదు. 21 అడుగులకన్నా పొడవు, 8 అడుగులకన్నా వెడల్పు ఉన్న వాహనాలను కొండ పైభాగానికి అసలు రానివ్వరు.

మరో మాట. ఈ రోడ్డు పుట్టిందే కారు కోసం. మొదట 15 హెయిర్‌పిన్ మలుపులతో ఒక పథకం వేశారు. లోయంతా గీతలు గీసినట్టు వికారంగా ఉంటుందని థామస్ వింట్ అనే లాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అడ్డుపడి, ఒకే ఒక్క పెద్ద మలుపుతో కొండచరియ వెంబడి సాగే దారి సూచించాడు. 1933 జూలై 15న లోగన్ పాస్ దగ్గర ప్రారంభోత్సవం జరిగింది. విచిత్రం ఏమిటంటే, ఆనాటి కార్లు ఆయాసపడకుండా ఎక్కాలని ఏటవాలును ఆరు శాతం దగ్గర ఉంచడమే ఇవాళ సైకిల్‌కు కలిసొచ్చింది. ఓపిక ఉన్న ఎవరైనా తొక్కగలిగేంత వాలు అది.

సైకిల్‌వైపు వాదన ఇంతకన్నా పాతది. 1896లో అదే మోంటానాలోని ఫోర్ట్ మిజూలా నుంచి 25వ ఇన్‌ఫంట్రీకి చెందిన నల్లజాతి సైనికులు, లెఫ్టినెంట్ జేమ్స్ మాస్ వెంట, సైకిళ్ల మీద ఎల్లోస్టోన్ పార్కు దాకా వెళ్లొచ్చారు. ఎల్లోస్టోన్‌లోకి కార్లను అనుమతించింది 1915 ఆగస్టులో. సైకిల్ ఇక్కడ కొత్తగా వచ్చిన చుట్టం కాదు. ఇప్పటి ఫెడరల్ నిబంధన కూడా, ప్రత్యేకంగా మూస్తే తప్ప, కార్లు తిరిగే పార్కు రోడ్డు మీద సైకిల్ తిరగొచ్చనే అంటుంది. ఇక గ్లేసియర్ నియమంలోనే ఒక చిక్కుంది. తూర్పున సెయింట్ మేరీ వైపు నుంచి ఇదే కనుమకు ఎక్కితే ఏ వేళా నిషేధం లేదు. అటు ఎక్కాల్సిన ఎత్తు తక్కువన్నది నిజమే కానీ, అక్కడా ఒక పక్క కొండ, ఒక పక్క లోయే. ఎలక్ట్రిక్ సైకిళ్లకూ ఇదే వేళ వర్తిస్తుంది. మూడు గంటల ఎక్కుడును ఒక గంటకు తెచ్చే బండికి, వేగం తక్కువన్న కారణంతో పెట్టిన నియమం ఎంతవరకు అతుకుతుందో పార్కువాళ్లు మళ్లీ ఆలోచించాలి.

అసలు ప్రశ్న మాత్రం రోడ్డుకు అడ్డం ఎవరన్నది. ఏటా 30 లక్షల మందికి అటూ ఇటూగా వచ్చే పార్కు ఇది. ఆ రద్దీ తట్టుకోలేకే 2021లో వేసవి కార్లకు ముందస్తు రిజర్వేషన్ పెట్టారు. పదకొండింటికి లోగన్ పాస్ పార్కింగ్ చుట్టూ ఖాళీ కోసం గిరగిర తిరిగేవి సైకిళ్లు కావు. రద్దీ తెచ్చింది కార్లైతే, రద్దీ వేళ దిగిపొమ్మన్నది సైకిల్‌ని. ఈ ఫిర్యాదుకు నాకు సరైన జవాబు ఎక్కడా కనిపించలేదు.

యూటాలోని జయాన్ పార్కు 2000లో ఇంకో దారి పట్టింది. రద్దీ నెలల్లో లోయ రోడ్డు మీదకి సొంత కార్లను ఆపేసి, షటిల్ బస్సులు పెట్టింది. సైకిల్‌కు తలుపు తెరిచే ఉంది, ఒక షరతుతో. వెనక బస్సు వస్తే కుడిపక్కకు జరిగి, కాలు నేల మీద పెట్టి, పూర్తిగా ఆగాలి. కదులుతున్న సైకిల్‌ను బస్సు దాటదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఎల్లోస్టోన్ నియమాలూ ఇంతే: గుర్రపు బండి ఎదురైతే సైకిల్ దిగి, గుర్రాలు బెదరకుండా, సైకిల్‌కూ వాటికీ మధ్య నిలబడాలి. తల వంచడం అప్పుడూ ఇప్పుడూ సైకిల్‌దే. కానీ జయాన్‌లో ఆ వంగడం చిన్నతనంగా అనిపించదు. దాటిపోయేది నిండుగా జనం ఉన్న బస్సు, ఆ తర్వాత రోడ్డంతా మళ్లీ మనదే.

కార్లను ఆపడం అంటే ఎవరిని ఆపడమో కూడా చూడాలి. మోకాళ్లు అరిగిన అరవై ఐదేళ్ల తల్లికి సైకిల్ మీద లోగన్ పాస్ చూడమనడం క్రూరమైన హాస్యం. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో జేఎఫ్‌కే డ్రైవ్‌ను 2020లో కార్లకు మూసినప్పుడు వృద్ధులు, వికలాంగులు అడిగింది ఇదే: మ్యూజియం దాకా మేమెలా రావాలి? 2022 నవంబరులో నగర ఓటర్లు మూసివేత వైపే మొగ్గారు. ఓటుతో వాదన తేలింది కానీ, గుమ్మం దాకా కారులో రాగలిగిన మనిషి పోగొట్టుకున్న సౌకర్యం తిరిగి రాలేదు. ఆ లోటుకు బదులు చూపకుండా చేసే సైకిల్ వాదన, కాళ్లున్నవాళ్ల వాదనే.

టెనెసీలోని గ్రేట్ స్మోకీ పర్వతాల్లో కేడ్స్ కోవ్ పంపకం నాకు వీటన్నిటికన్నా నచ్చుతుంది. 11 మైళ్ల వలయం, ఒకవైపే నడిచే రోడ్డు. ఎలుగుబంటి కనిపిస్తే చాలు, ముందు కారు ఆగి వెనక మైలు బారు నిలిచిపోతుంది. అక్కడ 2020 నుంచి వేసవి బుధవారాలు పూర్తిగా నడకకూ సైకిల్‌కూ వదిలేశారు. పక్కచక్రాల పిల్లసైకిలు నుంచి రేసు సైకిలు దాకా అన్నీ వస్తాయి. కారు మనిషికి వారంలో ఆరు రోజులు మిగిలే ఉన్నాయి. ఇందులోనూ ఒక లోటుంది: అంతకుముందు బుధ, శనివారాల ఉదయాలు పది దాకా కార్లను ఆపేవారు. ఆ శనివారం పోయింది. అట్లాంటాలో ఉద్యోగం చేసేవాడు బుధవారం సెలవు పెడితే తప్ప ఈ సుఖం లేదు.

గ్లేసియర్‌లోనూ సైకిల్‌కు ఒక మంచికాలం ఉంది. వసంతంలో మంచు తీసే యంత్రాలు పైకి పాకుతుంటే, వాటి వెనక తెరుచుకున్న మేర నడకవాళ్లకూ సైకిళ్లకూ వదిలేస్తారు. ఒక్క కారు ఉండదు. అయితే కనుమ పూర్తిగా తెరుచుకునేది జూన్ మధ్య నుంచి జూలై మధ్యలోపు ఎప్పుడో. ఈలోగా మంచుచరియల భయం, నిద్ర లేచిన ఎలుగుబంట్లు. చప్పుడు లేకుండా మలుపు తిరిగే సైకిల్ గ్రిజ్లీ ఎలుగుబంటికి ఎదురుపడటం సరదా విషయం కాదు. కుటుంబంతో వచ్చినవాళ్లకు పనికొచ్చే కాలం కాదది.

నేనైతే నడివేసవి మధ్యాహ్నపు నిషేధాన్ని పడమటి ఎక్కుడు మీద ఉండనిస్తాను. ఆ రోడ్డుకు అంత వెడల్పు లేదు, కొండను మళ్లీ తొలవమని ఎవరూ అడగకూడదు. దానికి బదులుగా జూలై, ఆగస్టుల్లో వారానికి ఒక ఉదయం, పది దాకా, పడమటి వైపు సొంత కార్లను ఆపాలి. పార్కు షటిల్ బస్సులు, ఎర్ర బస్సులు మాత్రం ఆ పూటా తిరగాలి, అమ్మానాన్నలు వాటిలో ఎక్కుతారు. దీనికి గట్టి అభ్యంతరం కొండల్లో నడిచేవాళ్ల నుంచి వస్తుంది. లోగన్ పాస్ పార్కింగ్ తెల్లవారి కాసేపటికే నిండుతుంది కాబట్టి వాళ్ల బేరమంతా ఆ గంటల మీదే. ఆ ఒక్క పూట వాళ్లు షటిల్ కోసం వరుసలో నిలబడాలి, లేదా తూర్పు వైపు నుంచి తిరిగి రావాలి. కష్టమే. ఆ పూట శనివారం కావాలా, మంగళవారం కావాలా అన్న దగ్గర నేను సైకిల్‌వాళ్లతో కూడా తగువుపడతాను: పడమటి గేటు దగ్గర శనివారపు కార్ల బారు చూసినవాళ్లెవరూ ఆ రోజు అడగరు.